మొదటి జత స్పీకర్లు సొంతంగా చేసుకునేవారికి: సీల్డా, పోర్టెడా, ఫుల్ రేంజా?

స్పీకర్లు సొంతంగా చేసుకోవాలనిపించగానే చాలామంది ముందు డ్రైవర్లు (శబ్దం పుట్టించే కోన్లు, డోములు) కొనేస్తారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. కింది స్వరాలకు ఆరున్నర అంగుళాల ఊఫర్లు రెండు, పై స్వరాలకు సిల్క్ డోమ్ ట్వీటర్లు రెండు, వాటితోపాటు స్వరాలను ఈ రెంటికీ పంచే క్రాసోవర్ బోర్డులు, షాపులో రెడీగా దొరికేవి, రెండు తెచ్చాను. బాక్సు ఎంత ఉండాలన్నది ఆ తర్వాత ఆలోచించాను. గది సంగతి అన్నిటికన్నా చివర్లో గుర్తొచ్చింది. తీరా పాటలు పెట్టి వింటే, మృదంగం ఎడమవైపు తొప్పి మీద దెబ్బ పడ్డప్పుడల్లా గదంతా గుమ్మని మోగేది. గాయని తారస్థాయికి వెళితే చెవిలో గుచ్చినట్టుండేది. డ్రైవర్లు మంచివే. నేను పనిచేసిన వరుసే తప్పు.

సరైన వరుస ఇది. ముందు గది, తర్వాత మీరు వినే సంగీతం, తర్వాత ఇంట్లో ఉన్న యాంప్లిఫయర్, వాటిని బట్టి బాక్సు రకం. ఇవన్నీ తేలాక డ్రైవర్లు. రెండు దారుల్లో ఏది మంచిదో తేలనప్పుడు, తర్వాత మార్చుకోవడానికి వీలున్న దారినే పట్టండి. మొదటి జతకి ఇంతకంటే పనికొచ్చే సూత్రం నాకు దొరకలేదు. కింద చెప్పే పోలికలన్నిటిలోనూ నేను చూసేది అదే.

ఇంకో సంగతి. డబ్బు మిగులుతుందనుకుని దీంట్లో దిగకండి. మంచి డ్రైవర్లు చాలావరకు బయటి దేశాల నుంచే రావాలి, వాటి మీద రవాణా ఖర్చులు, సుంకాలు పడతాయి. చవకలో వినడానికే అయితే కంపెనీ స్పీకర్లు కొనుక్కోవడమే లాభం. మీ గదికి, మీ చెవికి సరిపోయేలా దిద్దుకోవాలనుకుంటే మాత్రం సొంతంగా చేసుకోవడాన్ని మించింది లేదు.

గది ఏం చేస్తుంది

మన ఇళ్లలో మామూలుగా 10 అడుగులకు 12 అడుగుల గది. ఇటుక గోడలు, పైన స్లాబు, కింద టైల్సో గ్రానైటో. ఈ గోడల్లోంచి బాస్, అంటే కింది స్వరాలు, బయటికి పోదు. స్వరాన్ని హెర్ట్జ్‌లో, అంటే సెకనుకు ఎన్ని కంపనాలో, కొలుస్తాం. అంకె తగ్గేకొద్దీ స్వరం కిందికి వెళుతుంది. 12 అడుగుల దూరంలో ఎదురెదురుగా ఉన్న గోడల మధ్య 47 హెర్ట్జ్ దగ్గర, 10 అడుగుల గోడల మధ్య 56 హెర్ట్జ్ దగ్గర శబ్దం అటూ ఇటూ కొట్టుకుని పెరుగుతుంది. స్పీకర్‌ని గోడకో మూలకో ఆనిస్తే కింది స్వరాలకు ఇంకొంత బలం వస్తుంది. ఆరుబయట 40 హెర్ట్జ్ దాకా చక్కగా పలికే స్పీకర్ ఇలాంటి గదిలో గుయ్యిమనడానికి కారణం ఇదే. 70 హెర్ట్జ్ నుంచి మెల్లగా తగ్గిపోయే స్పీకర్‌కు అదే గది లోటు భర్తీ చేస్తుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్ల సంగతి కొంచెం వేరు. అక్కడ ఎక్కువ ఇళ్లకు చెక్క ఫ్రేము మీద జిప్సం బోర్డు గోడలు. బాస్ కొంత ఆ గోడల్లోంచి బయటికి పోతుంది, గదులూ పెద్దవి. ఇక్కడ గుమ్మనే డిజైన్ అక్కడ సరిగ్గా సరిపోవచ్చు. అక్కడివాళ్లు మెచ్చుకున్న డిజైన్‌ని మన గదిలోకి తెచ్చుకునేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

అసలు ఎంత కిందికి వెళ్లాలి? బేస్ గిటార్ అన్నిటికన్నా కింది తీగ 41 హెర్ట్జ్. ఒకటో శృతిలో పాడే మగ గొంతుకు పెట్టే తంబురాలో మంద్ర షడ్జం 65 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది. కచేరీలు, పాత సినిమా పాటలు ఎక్కువగా వినేవారికి 60 హెర్ట్జ్ దాకా శుభ్రంగా పలికితే ఏ లోటూ తెలియదు. కొత్త సినిమా పాటల్లో సింథ్ బాస్ కావాలనుకునేవారికి 40 దాకా వెళ్లడం అవసరం.

సీల్డ్ బాక్సు, పోర్టెడ్ బాక్సు

సీల్డ్ అంటే గాలి దూరడానికి సందు లేని బాక్సు. లోపల బందీ అయిన గాలే ఊఫర్‌కు స్ప్రింగులా పనిచేస్తుంది. అమెరికాలో ఎడ్గర్ విల్చర్ 1954లో ఏఆర్-1 అనే స్పీకర్‌తో ఈ పద్ధతిని ఇళ్లలోకి తెచ్చాడు. పోర్టెడ్ అంటే బాక్సుకు ఒక గొట్టం (పోర్ట్) పెడతాం. ఖాళీ సీసా మూతి మీద ఊదితే హూ మని ఒకే స్వరం వస్తుంది కదా, అదే సూత్రం. ఊఫర్ వెనకవైపు శబ్దాన్ని వాడుకుని ఆ గొట్టం కింది స్వరాలు పలుకుతుంది.

ఏ ఊఫర్‌కు ఎన్ని లీటర్ల బాక్సు కావాలన్నది ఒకప్పుడు చేసి చూసి, మళ్లీ చేసి చూసి తేల్చుకునేవారు. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో, ఆ తర్వాత రిచర్డ్ స్మాల్ 1970ల మొదట్లో దీన్ని లెక్కల్లోకి దించారు. డ్రైవర్ డేటాషీట్‌లో కనిపించే ఎఫ్ఎస్ (డ్రైవర్ సహజంగా కంపించే హెర్ట్జ్), క్యూటీఎస్ (ఆ కంపనం ఎంత త్వరగా అణుగుతుందో చెప్పే అంకె), వీఏఎస్ (కోన్‌ను పట్టి ఉంచే సస్పెన్షన్ అంత మెత్తగా ఉండే గాలి ఎన్ని లీటర్లో) అనేవి వారి పేరు మీద థీల్-స్మాల్ పారామీటర్లు. ఈ మూడూ లేని డ్రైవర్‌ని ఎంత చవకగా వచ్చినా కొనకండి. అవి తెలియకపోతే బాక్సుకు లెక్క కట్టలేం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఎఫ్ఎస్ 40 హెర్ట్జ్, క్యూటీఎస్ 0.38, వీఏఎస్ 20 లీటర్లు ఉన్న ఊఫర్ అనుకోండి. దీనికి సరైన సీల్డ్ బాక్సు దాదాపు 8 లీటర్లు. 74 హెర్ట్జ్ దగ్గర శబ్దం 3 డెసిబెల్స్ తగ్గి, అక్కడి నుంచి ఆక్టేవ్‌కు (హెర్ట్జ్ సగమైన ప్రతిసారీ) 12 డెసిబెల్స్ చొప్పున పడిపోతుంది. అదే ఊఫర్‌ని 19 లీటర్ల పోర్టెడ్ బాక్సులో పెట్టి గొట్టాన్ని 40 హెర్ట్జ్‌కు ట్యూన్ చేస్తే దాదాపు 40 దాకా నిలబడుతుంది. కానీ ఆ కింద ఆక్టేవ్‌కు 24 డెసిబెల్స్ చొప్పున ఒక్కసారిగా కూలుతుంది. పైగా ఆ కింద కోన్‌ను పట్టి ఉంచే గాలి స్ప్రింగు ఉండదు. వాల్యూమ్ పెంచి సినిమా చూస్తే కోన్ హద్దు దాటి ఊగుతుంది.

అంకెలు చూస్తే పోర్టెడ్‌దే గెలుపు. మన చిన్న గదిలో మాత్రం, పైన చెప్పిన 47, 56 హెర్ట్జ్‌ల దగ్గర గది ఉబ్బించేది కూడా దానికి తోడవుతుంది. సీల్డ్ బాక్సుకి ఇంకో మేలుంది. వడ్రంగి కొలతలో అర లీటరు అటూ ఇటూ అయినా అది పెద్దగా పట్టించుకోదు. పోర్టెడ్ బాక్సులో లీటర్లు, గొట్టం పొడవు రెండూ కుదరాలి.

తేల్చుకోలేనివారికి నా సలహా: 19 లీటర్ల పోర్టెడ్ బాక్సే చేయించండి. గది గుమ్మంటే గొట్టంలో స్పాంజి ముక్క గట్టిగా కుక్కి మూసేయండి. అప్పుడది సీల్డ్ బాక్సు. లెక్క కట్టి చూస్తే దాని 3 డెసిబెల్స్ తగ్గే చోటు 79 హెర్ట్జ్‌కు వస్తుంది, కానీ ఇంకా మెల్లగా దిగుతుంది. 40 హెర్ట్జ్ దగ్గర 8 లీటర్ల బాక్సు 11 డెసిబెల్స్ తగ్గితే ఇది 9 మాత్రమే తగ్గుతుంది. అంటే పోర్ట్ మూసినా నష్టపోయింది లేదు, బాక్సు పెద్దదైందంతే. రేపు పెద్ద హాలున్న ఇంటికి మారితే స్పాంజి తీసేస్తే చాలు. 8 లీటర్ల బాక్సు చేయించినవారు వెనక్కి రాలేరు.

ఈ బాక్సుకు లోపలి వ్యాసం 5 సెంటీమీటర్లున్న గొట్టం అయితే పొడవు దాదాపు 16 సెంటీమీటర్లు. పీవీసీ పైపు కొనేటప్పుడు జాగ్రత్త. షాపులో 63 ఎంఎం అని చెప్పేది పైపు బయటి కొలత. లోపలి వ్యాసం కొలుచుకుని, ఆ అంకెతో లెక్క మళ్లీ కట్టండి. విన్‌ఐఎస్‌డీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ లెక్కలన్నీ చేసిపెడుతుంది.

చోటు అసలు లేనివారు సీల్డ్ వైపే వెళ్లాలి. బీబీసీ 1970లలో ప్రసార వ్యాన్లలో పెట్టుకోవడానికి తయారుచేసిన ఎల్ఎస్3/5ఏ దాదాపు 5 లీటర్ల సీల్డ్ బాక్సు. కేఈఎఫ్ కంపెనీ ఊఫర్, ట్వీటర్ వాడారు. లోతైన బాస్ దానికి లేదు. మనిషి గొంతును ఉన్నదున్నట్టు వినిపించడం వల్లే ఇప్పటికీ దాన్ని ప్రేమించేవారున్నారు. చిన్న బాక్సులో బాస్ కోసం ఆరాటపడకుండా గొంతును సరిగ్గా పలికించడం ఎంత విలువైనదో దాన్ని చూస్తే తెలుస్తుంది.

ట్రాన్స్‌మిషన్ లైన్, హార్న్, ప్యాసివ్ రేడియేటర్ లాంటి బాక్సు రకాలు ఇంకా ఉన్నాయి. మొదటి జతకి వాటి జోలికి వెళ్లొద్దు. చెక్క పని పెరుగుతుంది, పొరపాటు జరిగితే దిద్దుకోవడం కష్టం.

ఒక డ్రైవరా, రెండా, మూడా

ఫుల్ రేంజ్ అంటే ఒక్క డ్రైవరే అన్ని స్వరాలూ పలకడం. క్రాసోవర్ ఉండదు కాబట్టి కొత్తవారికి ఇదే తేలిక అని చెబుతారు. సగం నిజం. 3, 4 అంగుళాల మంచి ఫుల్ రేంజ్ డ్రైవర్‌తో ఒక వీణ, ఒక గొంతు వింటే ఆ సహజత్వం నిజంగా మనసుకు పట్టేస్తుంది. కానీ 10,000 హెర్ట్జ్ శబ్దం తరంగదైర్ఘ్యం మూడున్నర సెంటీమీటర్ల లోపే. 8 సెంటీమీటర్ల కోన్ నుంచి అది టార్చిలైటు వెలుగులా నేరుగా ముందుకే పోతుంది. ఎదురుగా కూర్చున్నవారికి పై స్వరాలు బాగుంటాయి, సోఫాలో పక్కన కూర్చున్నవారికి మందంగా వినిపిస్తుంది. కింద బాస్, పైన వాల్యూమ్ రెండూ పరిమితమే.

క్రాసోవర్ లేకపోయినా దిద్దుబాటు తప్పదు. స్పీకర్ ముందు పలక 20 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే 575 హెర్ట్జ్ పరిసరాల నుంచి కిందికి శబ్దం బాక్సు చుట్టూ తిరిగి వెనక్కి పోవడం మొదలవుతుంది. ముందు కూర్చున్నవారికి కింది స్వరాలు 6 డెసిబెల్స్ దాకా తగ్గుతాయి. దీన్నే బాఫిల్ స్టెప్ అంటారు. గోడ దగ్గరుంటే కొంత తిరిగొస్తుంది కాబట్టి 3, 4 డెసిబెల్స్ దిద్దితే సరిపోతుంది. ఒక కాయిల్, దానికి సమాంతరంగా ఒక రెసిస్టర్ కలిపి డ్రైవర్‌కు సిరీస్‌లో పెడితే చాలు. టేబుల్ మీద కంప్యూటర్‌కి రెండు పక్కలా పెట్టుకుని దగ్గర్నుంచి వినేవారికి ఫుల్ రేంజ్ చాలా మంచి ఎంపిక. హాల్లో ఇంటిల్లిపాదీ వినడానికి కాదు.

టూ-వే అంటే 5 నుంచి ఆరున్నర అంగుళాల ఊఫర్, ఒక అంగుళం డోమ్ ట్వీటర్. 2,000, 2,500 హెర్ట్జ్‌ల మధ్య పని ఒకరి నుంచి ఇంకొకరికి మారుతుంది. చిన్న హాలుకు, మామూలు యాంప్లిఫయర్‌కు, మొదటి జతకు ఇదే నా ఎంపిక.

త్రీ-వే, అంటే మధ్య స్వరాలకు ఇంకో డ్రైవర్ కలిపినది, వినడానికి బాగుంటుంది, చేయడానికి భారం. ఎందుకో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. 8 ఓమ్‌ల డ్రైవర్‌కు 2,500 హెర్ట్జ్ దగ్గర రెండో ఆర్డర్ (ఆక్టేవ్‌కు 12 డెసిబెల్స్ చొప్పున తగ్గించే) లింక్‌విట్జ్-రైలీ రకం క్రాసోవర్ కావాలంటే 1 మిల్లీహెన్రీ కాయిల్, 4 మైక్రోఫారడ్ల కెపాసిటర్ చాలు. అదే త్రీ-వేలో ఊఫర్, మధ్య డ్రైవర్ కలిసే 300 హెర్ట్జ్ దగ్గర అయితే ఎనిమిదిన్నర మిల్లీహెన్రీల కాయిల్, 33 మైక్రోఫారడ్ల కెపాసిటర్. అంత కాయిల్‌కి పోయే రాగి, అంత ఫిల్మ్ కెపాసిటర్ ధర కలిపితే ఒక మంచి ట్వీటర్ వచ్చేస్తుంది. త్రీ-వే రెండో జతకో మూడో జతకో ఉంచుకోండి.

క్రాసోవర్ దగ్గరే అసలు తేడా

నా మొదటి జతలో గొంతు గుచ్చుకోవడానికి కారణం రెడీమేడ్ బోర్డు. ఆ బోర్డులను ఊఫర్ ఎప్పుడూ 8 ఓమ్‌లే ఉంటుందన్న లెక్కతో చేస్తారు. నిజానికి వాయిస్ కాయిల్ కూడా ఒక ఇండక్టరే. హెర్ట్జ్ పెరిగేకొద్దీ దాని ఓమ్‌లు పెరుగుతాయి. కాబట్టి బోర్డు మీద 2,500 అని రాసి ఉన్నా ఊఫర్ ఆగేది అక్కడ కాదు. దానికి తోడు ట్వీటర్లు సాధారణంగా ఊఫర్ల కంటే ఎక్కువ సెన్సిటివిటీతో ఉంటాయి, అంటే అంతే కరెంటుకు ఎక్కువ మోగుతాయి. వాటిని నాలుగైదు డెసిబెల్స్ తగ్గించే రెసిస్టర్లు ఆ డ్రైవర్ల జతకు తగ్గట్టు ఉండాలి. బాఫిల్ స్టెప్ దిద్దుబాటు రెడీమేడ్ బోర్డులో అసలు ఉండదు. ఎవరి డ్రైవర్లకో కాదు, మీ డ్రైవర్లకు, మీ బాక్సు వెడల్పుకు కుదిర్చిందే క్రాసోవర్.

అందుకని రెండు దారులున్నాయి. మొదటిది, ఎవరో అనుభవజ్ఞులు కొలిచి, దిద్ది, ఉచితంగా పెట్టిన డిజైన్ తీసుకోవడం. అలాంటివి చాలానే ఉన్నాయి. ఇందులో ఒక్కటే నియమం: డ్రైవర్లు, ముందు పలక వెడల్పు, దాని మీద డ్రైవర్ల స్థానాలు, క్రాసోవర్ విలువలు మార్చకూడదు. లీటర్లు అవే ఉంచి లోతు కాస్త పెంచి తగ్గించుకోవచ్చు. "ఆ ఊఫర్ దొరకలేదు, అదే సైజులో ఇది వేశా" అంటే అది ఆ డిజైన్ కాదు.

రెండోది, మీరే కొలిచి మీరే డిజైన్ చేయడం. దీనికి యూమిక్-1 లాంటి కొలత మైక్ ఒకటి, ఆర్‌ఈడబ్ల్యూ, విటుయిక్స్‌క్యాడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు, కొన్ని నెలల ఓపిక కావాలి. గదిలో కొలిస్తే గోడల ప్రతిధ్వనులు కలుస్తాయి. స్పీకర్, మైక్ రెండూ నేల నుంచి మీటరున్నర ఎత్తులో, మధ్య మీటరు దూరంలో ఉంటే నేల నుంచి తిరిగొచ్చే శబ్దం దాదాపు 6 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. ఆ లోపు వచ్చినదాన్నే తీసుకుంటే 160 హెర్ట్జ్ పైన కొలత నమ్మొచ్చు. గాలి, ట్రాఫిక్ లేని తెల్లవారుజామున మేడ మీద కొలవడం ఇంకా మేలు. మొదటి జతకి మొదటి దారి, మైక్ కొన్నాక రెండో జతకి రెండో దారి అని నా అభిప్రాయం.

క్రాసోవర్‌ను కాయిల్స్, కెపాసిటర్లతో (దీన్ని ప్యాసివ్ అంటారు) చేయాలా, డీఎస్‌పీతో (యాంప్‌కు ముందే శబ్దాన్ని అంకెల్లో దిద్దే బోర్డు) చేయాలా అన్నది ఇంకో ప్రశ్న. సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్, రస్ రైలీల పేరు మీద 1976 నుంచి చలామణిలో ఉన్న నాలుగో ఆర్డర్ క్రాసోవర్‌ను కాయిల్స్‌తో కుదర్చడం కష్టం. డీఎస్‌పీలో రెండు క్లిక్కుల పని. తప్పయితే వెనక్కి తీసుకోవడం కూడా అంతే తేలిక. నా సూత్రం ప్రకారం అయితే డీఎస్‌పీనే గెలవాలి. కానీ టూ-వే జతకి, డ్రైవర్‌కొకటి చొప్పున, నాలుగు యాంప్లిఫయర్ ఛానళ్లు కావాలి. ట్వీటర్ నేరుగా యాంప్‌కు తగులుకుని ఉంటుంది, ఒక్క తప్పు సెట్టింగుతో కాలిపోతుంది. 47 మైక్రోఫారడ్ల ఫిల్మ్ కెపాసిటర్ సిరీస్‌లో పెట్టకుండా ట్వీటర్ కలపకండి. ఇంట్లో ఇప్పటికే మంచి స్టీరియో యాంప్ ఉంటే ప్యాసివ్ క్రాసోవర్, అన్నీ కొత్తగా కొనాల్సి ఉంటే మినీడీఎస్‌పీ లాంటి బోర్డు ఒకటి, నాలుగు ఛానళ్ల క్లాస్-డీ యాంప్.

ప్యాసివ్‌కు విడిభాగాల కోసం హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్‌పీ రోడ్ ఉన్నాయి. ఇంకో మంచి చోటు మీ ఊళ్లోనే ఉంది. వ్యవసాయ మోటార్లు వైండింగ్ చేసే షాపు. ఎనామెల్ పూసిన రాగి తీగ అక్కడ తూకానికి దొరుకుతుంది. 18 గేజ్ తీగతో చెక్క బాబిన్ మీద ఎయిర్ కోర్ కాయిల్ చుట్టుకోవచ్చు. విలువ చూడ్డానికి ఎల్‌సీఆర్ మీటర్ తప్పనిసరి. సీలింగ్ ఫ్యాన్‌లో వాడే 2.5, 3.15 మైక్రోఫారడ్ల కెపాసిటర్లు కూడా పాలీప్రొపిలీన్ ఫిల్మ్‌వే, క్రాసోవర్‌లో చక్కగా పనిచేస్తాయి. కొత్తవి తీసుకుని, అవీ మీటర్‌తో కొలిచాకే వాడండి.

చెక్క, యాంప్

ఎండీఎఫ్ (చెక్క నార నొక్కి చేసిన బోర్డు) చవక, నున్నగా కోయవచ్చు, రంగు బాగా పడుతుంది. దాని శత్రువు తేమ. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో కోసిన అంచులు ఉబ్బుతాయి. అక్కడ నీటిని తట్టుకునే రకానికి వేసే ఐఎస్ 710 ముద్ర ఉన్న 18 ఎంఎం ప్లైవుడ్ గానీ, తేమను తట్టుకునే హెచ్‌డీహెచ్‌ఎంఆర్ బోర్డు గానీ మంచిది. హైదరాబాద్ పొడి వాతావరణంలో ఎండీఎఫ్‌తో ఇబ్బంది లేదు. కోసేటప్పుడు మాత్రం మాస్కు లేకుండా ఉండొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. డ్రైవర్ గుండ్రాలు రూటర్ మెషిన్‌తోనే కోయించండి. ముందు పలక మందంగా చేయిస్తే ఊఫర్ గుండ్రానికి వెనక అంచు ఏటవాలుగా చెక్కించండి, లేకపోతే ఊఫర్ వెనక గాలి ఆడదు. లోపల ఒక అడ్డకర్ర, గోడలకు దిండ్లలో కుక్కే పాలిస్టర్ దూది చాలు. పోర్ట్ నోటి దగ్గర మాత్రం దూది రానివ్వకండి.

యాంప్ గురించి ఒక్క లెక్క గుర్తుంచుకోండి. 83 డెసిబెల్స్ సెన్సిటివిటీ ఉన్న స్పీకర్ 89 ఉన్నదానితో సమానంగా మోగాలంటే నాలుగు రెట్ల వాట్లు కావాలి. చిన్న సీల్డ్ బాక్సులకు సెన్సిటివిటీ సాధారణంగా తక్కువ కాబట్టి, ఇంట్లో పాత 20 వాట్ల యాంప్ ఉంటే అలాంటి డిజైన్ మీకు సరిపడకపోవచ్చు. 4 ఓమ్‌ల డిజైన్ తీసుకునే ముందు, యాంప్ 4 ఓమ్‌లను నడపగలదని దాని వెనక రాసి ఉందో లేదో చూడండి.

బాక్సు తయారయ్యాక వెనక పలకను జిగురుతో అంటించకుండా ఫోమ్ టేపు వేసి స్క్రూలతో బిగించండి. క్రాసోవర్‌ను బాక్సు బయట ఒక చెక్క ముక్క మీద అమర్చి నెల రోజులు వినండి. ట్వీటర్ కనెక్షన్ ఒకసారి తిరగేసి కొలవండి. క్రాసోవర్ జరిగే చోట లోతైన గుంట కనిపిస్తే, మామూలు కనెక్షన్‌లో రెండు డ్రైవర్లూ కలిసి పనిచేస్తున్నట్టే. గొంతు ఇంకా పదునుగా ఉంటే ట్వీటర్ ముందున్న రెసిస్టర్‌ని అర ఓమ్ చొప్పున పెంచి చూడండి. మీకు బాగా తెలిసిన పాటలనే, ఇంట్లో ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టుకుని వినండి. నెల తర్వాత విలువలు మార్చాలనిపించకపోతే అప్పుడు క్రాసోవర్‌ని బాక్సులోకి ఎక్కించండి. రెండు కాయిల్స్ ఒకదాని అయస్కాంత క్షేత్రం ఇంకోదానికి తగలకుండా, ఒకటి నిలువుగా ఒకటి అడ్డంగా, ఊఫర్ అయస్కాంతానికి వీలైనంత దూరంగా బిగించండి.